ప్రతి ‘తున్నాను’కీ ‘ఇంగ్’ తగిలించకు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు ఇంగ్లీషులో రాసిన కథ చదివాను. మనుషులు బాగా కుదిరారు. చదవనీయకుండా అడ్డుపడుతున్నది ప్రెజెంట్ కంటిన్యువస్ ఒక్కటే, అంటే ఆమ్, ఈజ్, ఆర్ తర్వాత ‘ఇంగ్’ తగిలించిన క్రియ. అక్కర్లేని చోటల్లా వచ్చి కూర్చుంది.

దీనికి మూలం మన తెలుగులోనే ఉంది. ‘రోజూ బస్సులో వెళ్తున్నాను’ అన్నా, ‘ఇదిగో, వెళ్తున్నాను’ అన్నా మనకు క్రియ ఒకటే. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. అలవాటైతే ‘ఐ గో బై బస్’. ఇప్పుడు జరుగుతున్న పనైతే ‘ఐయామ్ గోయింగ్’. బండి రిపేరుకిచ్చి ఈ నెల మాత్రమే బస్సెక్కుతుంటే ‘ఐయామ్ గోయింగ్ బై బస్ దిస్ మంత్’ అనాలి. కొద్దికాలపు ముచ్చట అని చెప్పేది ఆ ‘ఇంగ్’. నీ నాయకుడు ‘ఐ లివ్ ఇన్ పుణె’ అంటే అక్కడ స్థిరపడ్డట్టు, ‘ఐయామ్ లివింగ్ ఇన్ పుణె’ అంటే ఇంకా స్థిరపడనట్టు. వివరణ లేకుండానే పాఠకుడికి అందుతుంది.

ఇక నీ మొదటి పేజీలోని వాక్యం చూడు: ‘రవి ఈజ్ ఓపెనింగ్ ద డోర్ అండ్ ఈజ్ సీయింగ్ హిస్ మదర్. షీ కట్స్ బీన్స్.’ ఇది సరిగ్గా తిరగబడింది. తలుపు తీయడం, తల్లిని చూడడం ఒకదాని తర్వాత ఒకటి పూర్తయ్యే పనులు, కథను ముందుకు నడిపేవి. వాటికి సింపుల్ ప్రెజెంట్, అంటే ‘ఇంగ్’ లేని మామూలు వర్తమానం కావాలి. బీన్స్ తరగడం అతను రాకముందే మొదలైంది, ఇంకా అయిపోలేదు. ‘షీ కట్స్’ అంటే కొడుకుని చూశాకే కత్తి పట్టినట్టు వినిపిస్తుంది. ‘రవి ఓపెన్స్ ద డోర్ అండ్ సీస్ హిస్ మదర్. షీ ఈజ్ కటింగ్ బీన్స్.’ ఇలా మార్చు. వర్తమానంలో నడిచే కథకైనా, సినిమా స్క్రిప్టుకైనా ఈ పద్ధతే: నడిచే పనికి సింపుల్, వెనకాల సాగే పనికి కంటిన్యువస్.

నో (తెలియడం), వాంట్, నీడ్, బిలాంగ్ లాంటివి పనులు కావు, స్థితులు. వాటికి సాధారణంగా ‘ఇంగ్’ పట్టదు. చిక్కంతా రెండు అర్థాలున్న క్రియలతోనే. అన్నదమ్ములుంటే ‘ఐ హావ్ టూ బ్రదర్స్’, భోంచేస్తుంటే ‘ఐయామ్ హావింగ్ లంచ్’. అభిప్రాయమైతే ‘ఐ థింక్ హీ ఈజ్ రైట్’, ఆలోచనలో ఉంటే ‘ఐయామ్ థింకింగ్ అబౌట్ ఇట్’. ‘హీ ఈజ్ రూడ్’ అంటే అతని స్వభావమే అంత, ‘హీ ఈజ్ బీయింగ్ రూడ్’ అంటే ఈ పూట అలా ప్రవర్తిస్తున్నాడని. ఈ చివరి తేడా కథకుడికి బంగారం, వాడుకో.

‘ఐయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’లో తప్పులు రెండు. అప్పటినుంచి ఇప్పటిదాకా అనే లెక్క వస్తే ‘హావ్ బీన్ వర్కింగ్’. పదేళ్లు వ్యవధి కాబట్టి ‘ఫర్’. 2015 లాంటి మొదలుకే ‘సిన్స్’.

ముందే ఏర్పాటైన రేపటి పనికి కంటిన్యువస్ చక్కగా సరిపోతుంది: ‘ఐయామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో.’ రేపటి వానకు మాత్రం పనికిరాదు, వానకు అపాయింట్‌మెంట్ ఉండదు కదా. రైలు టైముకి ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’. ‘ఆల్వేస్’ చేరితే తరచుగా విసుగు ధ్వనిస్తుంది: ‘యూ ఆర్ ఆల్వేస్ ఇంటరప్టింగ్ మీ.’ అత్తాకోడళ్ల ఘట్టంలో దీన్ని పెట్టి చూడు.

నీ కథలో రిటైరైన మాస్టారు ‘ఐయామ్ నాట్ నోయింగ్’ అంటే అననీ, అది ఆయన మాట తీరు. కథకుడి వాక్యాలు శుభ్రంగా ఉన్నప్పుడే అది ఆయన తీరని పాఠకుడు నమ్ముతాడు.

ముందు మూడు పేజీలు తీసుకో. ఆమ్, ఈజ్, ఆర్ తర్వాత వచ్చిన ‘ఇంగ్’లకే సున్నా చుట్టు. ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్’ లాంటివి వదిలెయ్, అక్కడ అది నామవాచకం. ఒక్కో సున్నా దగ్గర ఆగి, పని మొదలై ఇంకా సాగుతోందా, కొద్దికాలానిదేనా, ముందే ఏర్పాటైందా అని అడుగు. మూడింటికీ కాదనిపిస్తే చాలావరకు సింపుల్‌లోకి మార్చాల్సిందే. చివర్లోని పెళ్లి ఘట్టంలో మాత్రం తొందరపడకు. వంటలు, మేళం, పిల్లల అల్లరి అన్నీ ఒకేసారి సాగుతున్నాయి, అక్కడ నీ ‘ఇంగ్’లు చాలావరకు నిలుస్తాయి.

ప్రేమతో,
అన్నయ్య