టెక్ సందేహాలు: ఊహా దేశాలకు గాలియం అమ్మాలంటే షీట్ ఎలా ఉండాలి?

ప్రశ్న: స్నేహితులమంతా కలిసి ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరం ఒక్కో కల్పిత దేశాన్ని నడుపుతున్నాం. నా దేశం బాక్సైట్, గాలియం, జెర్మేనియం, టంగ్‌స్టన్ అమ్ముతుంది. ఆర్డర్లన్నీ గూగుల్ షీట్స్‌లో రాసుకుంటాను. ఈమధ్య ఉన్న గాలియాన్నే ఇద్దరికి అమ్మేశాను, నిల్వ మైనస్‌లోకి పోయింది. పైగా ‘అసలు అంత గాలియం నీకెక్కడిది?’ అని ఒకరు నిలదీశారు. ఏం చేయాలి?

జవాబు: రెండో సమస్యతో మొదలుపెడదాం. అది తేలితే షీట్ ఎలా ఉండాలో దానంతటదే తెలుస్తుంది. నేషన్‌స్టేట్స్ లాంటి ఆటలో ఖనిజాల నిల్వలకు లెక్కే ఉండదు. పాలిటిక్స్ అండ్ వార్ అనే ఆటలో బొగ్గు, ఇనుము, బాక్సైట్, యురేనియం వంటివాటికి మార్కెట్ ఉంది కానీ గాలియం లేదు. కాబట్టి అరుదైన లోహాల విషయంలో కొనేవాళ్లు నమ్మాల్సింది మీ షీట్‌నే.

గాలియం కోసమే తవ్వే గనులు దాదాపు ఉండవు. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ నుంచి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) తీసేటప్పుడు కాస్టిక్ సోడా ద్రావణంలో గాలియం కూడా కరిగి పేరుకుంటుంది, దాన్ని అక్కడ వేరుచేస్తారు. బాక్సైట్‌లో ఉండేది సగటున టన్నుకు 50 గ్రాములు. అంటే 10 లక్షల టన్నులు తవ్వినా అందులో ఉన్నది 50 టన్నులే, చేతికొచ్చేది అందులో కొద్ది భాగమే. ప్రపంచం మొత్తం ఏడాదికి తీసేది కొన్ని వందల టన్నులు, అదీ దాదాపు అంతా చైనాలోనే. 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జెర్మేనియం ఎగుమతికి లైసెన్సు ఉండాలని చైనా షరతు పెట్టగానే మిగతా దేశాలు కంగారుపడింది అందుకే.

జెర్మేనియం ఎక్కువగా జింక్ ఖనిజం నుంచి, బొగ్గు బూడిద నుంచి వస్తుంది. ఇండియం కూడా జింక్ వెంటే వస్తుంది. రాగిని శుద్ధి చేసేటప్పుడు మిగిలే మడ్డిలో టెల్లూరియం దొరుకుతుంది. మీ జాబితాలోని లోహాల్లో టంగ్‌స్టన్ ఒక్కటే వేరు, దానికి సొంత గనులున్నాయి. కాబట్టి గాలియం నిల్వ అంకెను చేత్తో టైప్ చేయకండి. ‘మూల ఖనిజం’, ‘టన్నుకు గ్రాములు’, ‘చేతికొచ్చే శాతం’ అని మూడు కాలమ్‌లు పెట్టి ఫార్ములాతో తెప్పించండి. అప్పుడు గాలియం ధర పదింతలైనా మీ ఉత్పత్తి పెరగదు, అల్యూమినాకు గిరాకీ పెరిగితేనే పెరుగుతుంది. ఉన్న కాస్త సరుకును ఏ దేశానికి ఇవ్వాలో మీరు తేల్చుకోవాల్సి వస్తుంది. వ్యాపారంలో అసలు మజా అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

వీలైతే ‘రవాణా’ అని ఇంకో కాలమ్ చేర్చండి. గాలియం 29.76 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. కరిగిన గాలియం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి దాన్ని పెళుసు చేస్తుంది. అందుకే ప్లాస్టిక్ సీసాల్లో పంపుతారు. అల్యూమినియంతో చేసిన విమానంలో పంపుతానని మాటిచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక ఇద్దరికి అమ్మడం సంగతి. ఆర్డర్లు గూగుల్ ఫామ్ ద్వారానే తీసుకోండి, ఎవరు ముందో టైమ్‌స్టాంప్ చెబుతుంది. జవాబులు పడే షీట్‌లోనే ఫార్ములాలు రాస్తే కొత్త వరుస చేరినప్పుడల్లా లెక్క తప్పుతుంది. ఎరే ఫార్ములా (ARRAYFORMULA)తో మొత్తం కాలమ్‌ను వేరే ట్యాబ్‌లోకి తెచ్చుకోండి. అక్కడ షరతుకు సరిపోయే వరుసలనే కూడే సమ్‌ఇఫ్స్ (SUMIFS)తో ఆ లోహానికి ఆ వరుస వరకు వచ్చిన ఆర్డర్ల మొత్తం కట్టి, నిల్వ దాటితే ‘సరుకు లేదు’ అని చూపించమనండి. రద్దయిన ఆర్డర్‌ను చెరిపేయకుండా అంతే పరిమాణాన్ని మైనస్‌లో ఇంకో ఆర్డర్‌గా వేయండి.

ప్రశ్న: నిజమైన మార్కెట్ ధరలు చూసే నా పట్టిక తయారుచేశాను. అయినా టంగ్‌స్టన్ మరీ చవగ్గా ఉందని అందరూ నా మీదే పడుతున్నారు. ఎక్కడ తప్పింది?

జవాబు: కొలమానం దగ్గర. టంగ్‌స్టన్ ధర చెప్పే ‘మెట్రిక్ టన్ యూనిట్’ అంటే టన్ను కాదు, 10 కిలోల టంగ్‌స్టన్ ఆక్సైడ్. ఆ అంకెను టన్ను ధరగా రాసుకుంటే సరుకును నూరో వంతు ధరకే ఇచ్చేస్తున్నట్టు. ప్లాటినానిది ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు, మామూలు ఔన్సు 28.35 గ్రాములే. పాదరసానికి ఫ్లాస్క్ లెక్క, 34.5 కిలోలు. యురేనియాన్ని పౌండ్లలో చెబుతారు, అదీ ఆక్సైడ్ బరువు. అందులో యురేనియం దాదాపు 85 శాతం.

ప్రతి కొలమానానికీ ఎన్ని కిలోలో ఒక ట్యాబ్‌లో రాసిపెట్టి, ఆ పట్టికలో వెతికి అంకె తెచ్చే వీలుకప్ (VLOOKUP)తో అన్ని ధరలనూ కిలోల్లోకి మార్చుకోండి. కొలమానాన్ని డ్రాప్‌డౌన్ నుంచే ఎంచుకునేలా డేటా వ్యాలిడేషన్ పెట్టండి. అంకె ఉన్న సెల్‌లోనే ‘కిలోలు’ అని రాస్తే అది అక్షరాల కింద మారిపోతుంది, కూడికలోకి రాదు.

ప్రశ్న: లింక్ ఉన్న ఎవరైనా మార్చేలా షీట్ పంచాను. ఎవరో ధరలన్నీ సున్నా చేశారు. పాతవి వస్తాయా?

జవాబు: వస్తాయి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి, ధరలు బాగున్న సమయాన్ని ఎంచుకుని రీస్టోర్ నొక్కండి. ఆ తర్వాత లింక్‌ను ‘వ్యూయర్’కు మార్చండి. ఎవరికైనా మార్చే హక్కు ఇవ్వక తప్పకపోతే ధరలు, నిల్వలు ఉన్న కాలమ్‌లను ప్రొటెక్ట్ రేంజ్‌తో మీ ఒక్కరికే ఉంచుకోండి.