అప్పు చేసి అన్నదానం వద్దు మాస్టారూ

ప్రశ్న: తెనాలిలో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. జీతం 26,000. మే నెలకు జీతం ఉండదు. నా భార్య మిషన్ కుట్టి నెలకు 6,000 దాకా తెస్తుంది. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, అమ్మ మందులతో కలిపి 27,000 ఖర్చు. నాన్నగారు ఉన్నన్నాళ్లూ కనుమ నాడు మా ఊరి రామాలయం దగ్గర అన్నదానం చేసేవారు. ఆయన పోయాక ఆ ఆనవాయితీ ఆగకూడదని కిందటి సంక్రాంతికి క్రెడిట్ కార్డు మీద 40,000 ఖర్చు పెట్టాను. నెలనెలా కార్డు వాళ్లు అడిగే కనీస మొత్తం (మినిమం) కడుతున్నా ఇంకా 34,000 బాకీ ఉంది. బ్యాంకులో 11,000 ఉన్నాయి. పండుగ రెండు నెలల్లో ఉంది. ఈసారి లోన్ యాప్‌లో 50,000 తీసుకోనా, నా భార్య గొలుసు తాకట్టు పెట్టనా? దానానికి పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: రెండూ వద్దు. దసరా నుంచి సంక్రాంతి దాకా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మంచి మనసుతో చేసిన అప్పు మంచిదే అనుకుంటారు చాలామంది. ఎందుకు తీసుకున్నావని వడ్డీ అడగదు కదా.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కే చెబుతాను. మీ కార్డు బాకీ 34,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 1,190. దాని మీద 18 శాతం జీఎస్టీ 214. అంటే నెలకు 1,400 పైనే. ఆ డబ్బుతో పాతిక కిలోల బియ్యం బస్తా వస్తుంది. కిందటి కనుమ నాటి భోజనాలకు ఈనాటికీ నెలకో బస్తా బియ్యం కార్డు కంపెనీకి దానం చేస్తున్నారు. ఇది చాలదన్నట్టు ఇంకో 50,000 యాప్‌లోనా! ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టి, మొత్తానికీ వడ్డీ లాగుతారు. ఆ మాటే తలపెట్టకండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మాత్రం కార్డు బాకీ కాదు, మే నెల. ఆ నెల ఇంటికి వచ్చేది 6,000, పోయేది 27,000. లోటు 21,000. మీ దగ్గరున్నది 11,000. వెంటనే జూన్‌లో పిల్లల ఫీజులు. ఈ మధ్యలో అమ్మగారికి ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? మళ్లీ కార్డే గీకుతారు. అందుకే ఆ 11,000 ముట్టుకోవద్దు. దాన్ని వేరే ఖాతాలో పడేసి, మే వచ్చేలోపు 27,000 చేయండి. మీకు తొలి మెట్టు అదే. ఆ తర్వాత మూడు నెలల ఖర్చు, అంటే 81,000 పోగయ్యేదాకా పండుగ, పెళ్లి, దానం ఏదైనా దీని వెనకే. ప్రభుత్వ ఉద్యోగికి ఇంత గట్టిగా చెప్పను. ఏడాదికి 11 జీతాలే వచ్చే ఇంటికి అత్యవసర నిధే పన్నెండో జీతం.

గొలుసు సంగతి. తాకట్టు పెట్టక తప్పదనుకుంటే కార్డు బాకీ తీర్చడానికి పెట్టండి, అన్నదానానికి కాదు. అదీ ఆవిడ మనస్ఫూర్తిగా సరే అంటేనే, వీధి చివరి వడ్డీ కొట్లో కాకుండా బ్యాంకులోనే. బ్యాంకు బంగారు రుణం వడ్డీ ఏడాదికి పది శాతం అటూ ఇటూగా ఉంటుంది, కార్డు వడ్డీ 42 శాతం. బాకీ తీరిన రోజే కార్డు రద్దు చేయించాలి. అలా చేయకపోతే రెండు అప్పులవుతాయి.

పన్ను కోసం ఆశ పెట్టుకోవద్దు. ఇద్దరి సంపాదన కలిపినా ఏడాదికి నాలుగు లక్షలు దాటదు. మీకు పన్నే లేదు, ఇక మినహాయింపు దేనికి? పైగా ఆదాయపు పన్నులో దానాలకిచ్చే మినహాయింపు కింద భోజనాలు, బట్టల వంటి వస్తుదానం లెక్కకు రాదు, రొక్కం 2,000 దాటితే అదీ రాదు. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపే వర్తించదు.

బీమా గురించి మీరు రాయలేదు. మీ బ్యాంకులోనే ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా తీసుకోండి. రెండూ కలిపి 456. దానం కంటే ముందు ఇది.

మరి కనుమ మాటేమిటి? నాన్నగారి పేరు నిలపాలన్న మీ తపన నాకు అర్థమైంది. ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతికి మన ఊళ్లలో దానాలు ఎందుకు చేసేవారు? కొత్త ధాన్యం ఇంటికొచ్చేది, గాదె నిండేది. హరిదాసు పాత్రలో పోసినా, పాలేరుకు కొలిచి ఇచ్చినా పండిన దాంట్లోంచే. పంట పోయిన ఏడు చెయ్యి వెనక్కి తీసుకున్నా ఊరు తప్పుపట్టేది కాదు.

మినిమం కట్టగా మీ చేతిలో నెలకు మిగిలేది సుమారు 3,000. ఈ కనుమకు ఒక్క నెల మిగులు తీయండి, చాలు. రెండు బస్తాల బియ్యం వస్తాయి. ఊళ్లో నలుగురినీ కలిపి ఉమ్మడిగా వండించండి, ఆ రెండు బస్తాలూ నాన్నగారి పేరున ఇచ్చి మీరు వడ్డనకు నిలబడండి. మైకులో ఎవరి పేరు ముందు చదువుతారన్న టెన్షన్ వదిలేయండి. ఊళ్లో పదో తరగతి పిల్లలుంటే పరీక్షల దాకా ఆదివారాలు లెక్కలు చెప్పండి. 50,000 ఖర్చు పెట్టినా ఆ పిల్లలకు అంత మేలు చేయలేరు.

వచ్చే ఏడాదికి జూన్ నుంచి బ్యాంకు ఆర్డీలో, అంటే నెలనెలా జమ చేసే ఖాతాలో, నెలకు 300 వేయండి. కనుమ నాటికి ఎంత పోగైతే అంతే ఖర్చు పెట్టండి.