మడమ నరం తెగితే ఆపరేషన్ తప్పదా? నా సమాధానం

తమ్ముడూ, మీ బావ వాలీబాల్ ఆడుతుంటే మడమ వెనక నరం (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే అకిలిస్ టెండన్) టప్‌మని తెగింది, బరంపురం డాక్టర్ ఆపరేషన్ అన్నారు, శ్రీకాకుళం డాక్టర్ కట్టు చాలన్నారు, ఎవరి మాట వినాలి అని కదా అడిగావు. ఇద్దరిదీ తప్పు కాదు. 2022లో నార్వే వాళ్ల స్టడీ ఒకటి వచ్చింది, 500 మందికి పైగా పేషెంట్లని ఆపరేషన్ లేకుండా కొందరికి, ఓపెన్ ఆపరేషన్ కొందరికి, చిన్న కోతతో కొందరికి వైద్యం చేసి చూస్తే ఏడాది తర్వాత నడక, పని అన్నీ మూడు రకాల వాళ్లవీ ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడంటే, కోత లేనివాళ్లలో 6.2 శాతం మందికి మళ్లీ తెగింది, ఆపరేషన్ వాళ్లలో 0.6 శాతమే, కానీ స్పర్శ తెలిపే నరాలు దెబ్బతిని తిమ్మిరెక్కడం ఆపరేషన్ వాళ్లకే ఎక్కువ.

బావ మళ్లీ ఆటే ఆడతానంటే ఆపరేషన్ వైపే నా ఓటు. షుగరుండి, పైగా గుడాకు (పళ్లకి రుద్దే పొగాకు ముద్ద), బీడీ మానలేనంటే కోత గాయం మానడం కష్టం, అప్పుడు కట్టే నయం. కట్టంటే మామూలు కట్టు కాదు, వేళ్లు కిందికి వంచి వేసి, తర్వాత మడమ కింద ఎత్తు పెంచే ముక్కలున్న బూటు వేయించి వారాల మీద ఒక్కొక్కటీ తీస్తారు. ఏదైనా ఇప్పుడే తేల్చుకోండి, వారాలు గడిస్తే తెగిన కొసలు దూరమైపోతాయి. పర్లాకిమిడిలో ఎవరో పసరు కట్టు వేస్తారన్నావు చూడు, దాని జోలికెళ్లి మర్దనా గట్రా చేయించకండి బాబూ. మధ్యలో పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లు.