డ్రైవింగ్ వయసుపై తరగతిలో చర్చ పెడితే నేరమా?

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ‘బండి నడిపే వయసు 18 నుంచి 16కి తగ్గించాలా?’ అని తొమ్మిదో తరగతి పిల్లలతో చర్చ పెట్టాను. తగ్గించాలని వాదించిన ఒక పిల్లాడి తండ్రి స్కూలుకొచ్చి, ‘చట్టాన్ని మీరడం నేర్పుతున్నారు, కేసు పెడతాను’ అన్నారు. ఇది నిజంగా నేరమా? పిల్లల వాదనల్లో బలమెంతో వాళ్లకు ఎలా చూపించాలి? వాళ్లు రాసిన కాగితాలు జతచేస్తున్నాను.

జవాబు: నేరం కాదు, టెన్షన్ పడకండి. చట్టం మారాలని వాదించడం వేరు, ఉన్న చట్టాన్ని మీరమని పురికొల్పడం వేరు. మొదటిది రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛ. ఓటు వయసు ఒకప్పుడు 21. తగ్గించాలని ఎంతోమంది అడిగాకే 61వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 1989లో అది 18 అయింది. ‘రేపటి నుంచి బండ్లేసుకుని రండి, ఏం కాదు’ అని మీరు అని ఉంటే సంగతి వేరు. మీరు అలా అనలేదు.

అయితే కాగితాలు చదివాక ఒకటి గమనించాను. చట్టం ఏం చెబుతోంది, ఏం చెప్పాలి అనే రెండు ప్రశ్నలను పిల్లలు కలిపేస్తున్నారు. చర్చకు ముందే మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 4 కాపీ వాళ్ల చేతిలో పెట్టండి. చిన్న సెక్షనే. బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంజిన్ 50 సీసీ మించని మోటార్‌సైకిల్‌కు 16 చాలు. రవాణా వాహనాలకు 20.

ఒక అబ్బాయి ఇలా రాశాడు: ‘16 ఏళ్లకే గేర్లు లేని బండి నడపొచ్చు కాబట్టి మా స్కూటీ నడపడం తప్పు కాదు.’ ఈ ఒక్క వాక్యం మీద పీరియడ్ మొత్తం గడపొచ్చు. గేర్ల మాట సెక్షన్ 7లో ఉంది. 18 నిండనివాళ్లకు గేర్లు లేని బండికి లెర్నర్ లైసెన్స్ ఇవ్వాలంటే సంరక్షకులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అందులో ఉంటుంది. జనానికి ఆ ముక్క గుర్తుండిపోయింది, సెక్షన్ 4లోని 50 సీసీ మాత్రం మర్చిపోయారు. ఆ అబ్బాయిని ఇంటి నుంచి ఆర్‌సీ జిరాక్స్ తెమ్మని, ఇంజిన్ సీసీ ఎంతో పైకి చదవమనండి. ఇప్పుడు అమ్ముతున్న పెట్రోల్ స్కూటర్లు దాదాపు అన్నీ వంద సీసీ దాటినవే. వాదన ఎక్కడ తెగిందో వాడే పట్టుకుంటాడు. పైగా 50 సీసీ బండికైనా లైసెన్స్ తప్పనిసరి.

ఇంకో అమ్మాయి వాదన నాకు బాగా నచ్చింది. ‘ఘోరమైన నేరం చేస్తే 16 ఏళ్లకే పెద్దవాళ్లలా విచారిస్తారు, మరి బండి ఎందుకు ఇవ్వరు?’ అంది. పోలిక గట్టిదే. కానీ 2015 బాలల న్యాయ చట్టం కింద ఆ విచారణ దానంతట అది జరగదు. ఆ పిల్లాడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తిని బాలల న్యాయ బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. అక్కడ ఒక్కొక్కరినీ విడిగా చూస్తారు, డ్రైవింగ్ వయసు మాత్రం అందరికీ ఒకే గీత. ఈ తేడా చెప్పి, అయినా మీ వాదన నిలుస్తుందా అని ఆ అమ్మాయినే అడగండి. నిలబెట్టగలదనే నా నమ్మకం.

‘అమెరికాలో 16కే ఇస్తారు’ అన్నది సగం మాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ దశలవారీగా ఇస్తారు. మొదట్లో రాత్రిపూట నడపడానికి, తోటివాళ్లను ఎక్కించుకోవడానికి ఆంక్షలుంటాయి. న్యూజిలాండ్ అయితే 2011లో లెర్నర్ లైసెన్స్ వయసును 15 నుంచి 16కి పెంచింది. ఉదాహరణ తెచ్చినవాళ్లు దాన్ని పూర్తిగా తేవాలని పిల్లలకు చెప్పండి.

‘నాకు బండి బాగా వచ్చు’ అని అరడజను మంది రాశారు. ప్రమాద పరిహారం కేసుల్లో తండ్రుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. బోనులో నిలబడి, ‘మావాడికి బండి బాగా వచ్చు సార్’ అంటారు. కొడుకు గాయాలతో మంచంలో ఉంటాడు, అవతలివాళ్ల ఇంట్లో ఒక మనిషి ఉండడు. అది విన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. నడపడం రావడం ఒకటి, నడిపే అర్హత ఉండటం ఇంకొకటి. బీమా కంపెనీ బాధితులకు పరిహారం కట్టినా, లైసెన్స్ లేని పిల్లాడికి బండి ఇచ్చిన యజమాని నుంచి ఆ డబ్బు రాబట్టుకునేలా కోర్టులు ఆదేశిస్తుంటాయి.

ఇక మీ స్కూలుకొచ్చిన ఆ తండ్రి గారి భయం ఊరికే పుట్టింది కాదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఎ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. పెద్దవాళ్లు ఒప్పుకునే ఇచ్చారని కోర్టు ముందే భావిస్తుంది. తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో వాళ్లే నిరూపించుకోవాలి. ఈ సెక్షన్ కాపీ ఆయనకిచ్చి, తర్వాతి చర్చకు రమ్మనండి.

మీ వంతుగా ఒక పని చేయండి. చర్చాంశం, రెండు పక్షాల పేర్లు, మీరిచ్చిన సెక్షన్ల కాపీలు తేదీ వేసి ఫైల్లో పెట్టి, హెడ్మాస్టర్ సంతకం తీసుకోండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఫైలే చూపించండి.