నిల్ ఊరి చరిత్ర రాయబోయే ముందు

చిరంజీవి అమ్మలుకి, పెద్దనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం కోసం వెళ్లిన ఊరి చరిత్ర రాయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్లే కార్లు మీ నిల్ ఊళ్లో కాఫీకి ఆగి సాగిపోతాయి. ఆ ఊరున్న విమ్మెరా ప్రాంతంలో పంటల పనిమీద చాలా ఏళ్లు తిరిగినవాణ్ణి, అక్కడి పాత కాగితాలు ఇష్టంగా చదివినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

ఊరి పెద్దమనుషుల ఫొటోలతో మొదలుపెట్టకు. 320 ఎకరాలతో మొదలుపెట్టు. మీ విక్టోరియా రాష్ట్రంలో 1869 భూచట్టం ఒక్కొక్కరిని ప్రభుత్వ భూమి అంతవరకే ఎంచుకోనిచ్చింది. మూడేళ్ల లైసెన్సులో కనీసం రెండున్నరేళ్లు అక్కడే కాపురం ఉండాలి, కంచె వేయాలి, కనీసం పదోవంతు దున్నాలి, ఏటా ఎకరానికి రెండు షిల్లింగులు కట్టాలి. అంతకుముందు ఆ నేలంతా గొర్రెల మందలున్న పెద్ద పెద్ద దొరల చేతుల్లో ఉండేది. 1870ల నుంచి బండ్లెక్కి వచ్చిన రైతుల్లో దక్షిణ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జర్మన్ లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇల్లు ఎన్ని గదులు, బావి ఎంత లోతు, ఏం విత్తారు, ఎందుకు బాకీ పడ్డారు అన్నవి విక్టోరియా ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలోని సెలెక్షన్ ఫైళ్లలో, అంటే అలా భూమి ఎంచుకున్న రైతుల ఫైళ్లలో, దొరుకుతాయి. గడువు ఇమ్మని రైతులు స్వయంగా రాసుకున్న అర్జీలు కనబడితే మాత్రం తొందరపడకు, ఒక్కొక్కటీ పూర్తిగా చదువు. శతాబ్ది సంచికల్లో ఆ గొంతు ఉండదు.

తక్కువ వాన పడే ఆ నేలమీద 320 ఎకరాలు ఒక సంసారానికి చాలలేదు. 1895 నుంచి 1902 దాకా సాగిన ఫెడరేషన్ కరువు చాలామందిని పొలాలు వదిలి పోయేలా చేసింది. నిలబడ్డవాళ్లు పక్కవాళ్ల పొలాలు కొన్నారు. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఒక్క కుటుంబమే వేల ఎకరాలు చేయగలిగింది. పంట పెరిగింది, బడిలో పిల్లలు తగ్గారు. నీ పుస్తకానికి వెన్నెముక ఇదే అని నా నమ్మకం. 1887లో మెల్‌బోర్న్, అడిలైడ్ నగరాలను కలిపిన రైలుమార్గం, 1919 నాటి నోస్కే సైలో (ధాన్యం నిలవచేసే గోపురం), రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానదళ శిక్షణ కేంద్రం, వీటన్నిటినీ దీని చుట్టూనే అల్లు. ఆ సైలో గురించి 'అతిపెద్దది' అనే మాట తప్పక వింటావు. అలాంటివి ఊరివాళ్లు చెప్పుకుంటారని రాయి, నీ మాటగా రాయకు.

1844లో తెల్లవాళ్లు వచ్చినప్పటి నుంచే ఊరు పుట్టిందన్నట్టు రాస్తే నాకు బాధ కలుగుతుంది. అది వొట్జోబాలుక్ అనే ఆదివాసీ ప్రజల నేల. 1859లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు దగ్గరలో ఎబెనెజర్ మిషన్ పెట్టారు, 1904లో మూసేశారు. ఆ నేలమీద వొట్జోబాలుక్ ప్రజల హక్కును న్యాయస్థానం గుర్తించింది 2005లో! దక్షిణంగా హారో అనే ఊరి పక్కనుంచి వచ్చిన జానీ ముల్లా 1868లో ఆదివాసీ జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి క్రికెట్ ఆడాడు. 2020 బాక్సింగ్ డే టెస్టులో రహానేకి ఇచ్చిన పతకం అతని పేరిటదే. మన హైదరాబాద్ సిరాజ్ తొలి టెస్టు కూడా అదే. ఈ అధ్యాయానికి ముందు ఆ ప్రజల తరఫు సంస్థ బారెంగి గాడ్జిన్ ల్యాండ్ కౌన్సిల్‌కి ఉత్తరం రాయి. వాళ్లు పంచుకోవద్దన్నది పుస్తకంలోకి రానివ్వకు.

పాత పేపర్లకు ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్ వెబ్‌సైట్‌లో వెతుకు. పేర్ల స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా కొట్టి చూడు, జర్మన్ పేర్లు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మారాయి కూడా. ఎడిటోరియల్ కన్నా చిన్న ప్రకటనలు చదువు. గుర్రాల వేలం, పొలం అమ్మకం, డాన్సుకి టికెట్ ధర, ఊరు ఎలా బతికిందో అక్కడ తెలుస్తుంది.

2010 నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలను చివర్లో ఒక పేరాతో సరిపెట్టకు. బాతు మాంసం కంపెనీకి పనివాళ్లు దొరక్క, బర్మా నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లను పిలిచారు. వాళ్ల రాకతో ఐదేళ్లలో ఆ ప్రాంత ఆదాయం నాలుగు కోట్ల డాలర్లకు పైగా పెరిగిందని 2015లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. వాళ్లతో మాట్లాడేటప్పుడు శిబిరాల గురించి నువ్వుగా ఎత్తకు. తోటలో ఏం వేశారు, మొదటి చలికాలం ఎలా గడిచింది అని అడుగు. మిగతాది చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. రికార్డు చేసే ముందు అనుమతి కాగితం వాళ్ల భాషలో ఉండాలి.

ఇంకొకటి. విమ్మెరా రైతులు శనగలు, మసూర్ పప్పు కూడా పండిస్తారు. 2017 డిసెంబరులో మన దేశం వాటిమీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. ఆ రోజుల లెక్కల పుస్తకం ఎవరైనా చూపిస్తే తప్పక చూడు. ఇక్కడ మన పప్పు ధర మీద మాటలాడుకున్నదీ అక్కడ వాళ్లు మాటలాడుకున్నదీ ఒకే సంగతి, ఆ అధ్యాయం నీకన్నా బాగా రాయగలవాళ్లు లేరు.

ముందుగా ఒక్క సెలెక్షన్ ఫైలు నకలు తీయించి నాకు పంపు. ఆ పాత చేతిరాత చదవడంలో సాయం చేస్తాను.

మీ పెద్దనాన్న