మొన్న 38 డిగ్రీలు, ఇవాళ మంచు: అమెరికాలోని డెన్వర్‌లో అదెలా?

కావలి నుంచి ఒకరు అడిగారు: "సెప్టెంబర్‌లో డెన్వర్‌లో ఎండ మాడ్చేసి, మూడు రోజుల్లోనే మంచు పడిందని మా అబ్బాయి అంటున్నాడు. నమ్మొచ్చా?"

నమ్మొచ్చండీ. 2020 సెప్టెంబర్ 5న అక్కడ 38 డిగ్రీలు. 7న కూడా 34 దాకా ఉంది. 8న మంచు! ముందురోజు ఏసీ, మర్నాడు హీటర్.

ఆ సమయానికి కెనడా ఉత్తరాన చలిగాలి పోగవుతూ ఉంటుంది. చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ దక్షిణానికి బాగా వంగితే, ఆ చలిగాలి డెన్వర్ వైపు దిగొస్తుంది. దారిలో అడ్డు లేదు. రాకీ పర్వతాలున్నాయిగా అంటారేమో, అవి ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి, కాలవకు గట్టులా. చలిగాలి బరువు కాబట్టి వేడిగాలి కిందికి దూరి దాన్ని పైకి నెట్టేస్తుంది. గంటల్లో వాతావరణం తిరగబడుతుంది. పైగా ఊరు 1,600 మీటర్ల ఎత్తున, సముద్రానికి ఎంతో దూరంగా ఉంది.

మనకేమో హిమాలయాలు అడ్డం, పక్కనే బంగాళాఖాతం. అయినా ఇదే తంతు చిన్నగా ఇక్కడా చూడొచ్చు. రోహిణి కార్తెలో ఒంగోలులో పడమటి వడగాలికి దండెం మీద చీర తూర్పుకు ఎగురుతుంటుంది. సముద్రపు గాలి తిరగ్గానే అదే చీర పడమరకు ఎగురుతుంది, ప్రాణం లేచొస్తుంది. అదీ వేడిగాలి కిందికి చల్లగాలి దూరడమే.

మీ అబ్బాయిని మాత్రం సెప్టెంబర్ నుంచే కారులో ఒక స్వెట్టర్ పెట్టుకోమనండి.