డాక్టర్ సలహా: రెండేళ్లు ఇన్సులిన్ సరిగా వేసుకోలేదు.. ఇప్పుడు షుగర్ ఒక్కసారిగా దించొచ్చా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది చిత్తూరు దగ్గర పల్లె. పన్నెండో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మే ఇంజెక్షన్ వేసేది, బాగానే ఉండేది. తిరుపతిలో ఇంజనీరింగ్ హాస్టల్లో చేరాక కొద్దికొద్దిగా వదిలేశాను. ఇప్పుడు శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. రెండేళ్లుగా ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లలేదు. రాత్రి ఇంజెక్షన్ గుర్తుంటే వేసుకుంటాను, భోజనం ముందువి దాదాపు మానేశాను. 9 కిలోలు తగ్గాను. మొన్న టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 12.6 వచ్చింది. భయమేసి పాత చీటీలో ఉన్న డోసులన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. నాలుగో రోజుకే కాళ్లు వాచాయి. షుగర్ 140 ఉన్నా చేతులు వణికి చెమటలు పడుతున్నాయి, స్వీట్ తింటే గానీ తగ్గడం లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, షుగర్ సంగతి ఎవరికీ చెప్పొద్దంటున్నారు. మూడు నెలల్లో 7కి తెచ్చేయాలని ఉంది. కుదురుతుందా? పెరటాసి శనివారం నడిచి కొండెక్కుతానని మొక్కు కూడా ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే తిడతారేమోనని ఇలా రాస్తున్నాను.
– ఒక పాఠకుడు

సమాధానం: వణుకు, వాపు మిమ్మల్ని బాగా భయపెట్టినట్టున్నాయి, వాటితోనే మొదలుపెడదాం. నెలల తరబడి షుగర్ 300, 350 దగ్గర ఉంటే ఒళ్లు దానికే అలవాటు పడిపోతుంది. అక్కడి నుంచి 140కి దిగగానే దాన్నే 'లో షుగర్' కింద లెక్కేసి గాభరా పెడుతుంది. వణుకూ చెమటా నిజమే, కానీ 140 దగ్గర ప్రమాదమేమీ లేదు. కాబట్టి వణుకు మొదలవగానే చెయ్యి మీటరు వైపు వెళ్లాలి, మైసూర్‌పాక్ డబ్బా వైపు కాదు. 70 కంటే తక్కువ చూపిస్తే అది అసలైన లో షుగర్. మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. నెయ్యి మిఠాయిలు, చాక్లెట్లు ఇందుకు పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. మీటరు దగ్గర లేకపోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి, చక్కెర నీళ్లు తాగేయండి. మామూలు అంకెలకు ఒళ్లు మళ్లీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

కాళ్ల వాపు కూడా ఇన్సులిన్‌కు దూరమైనవాళ్లు మళ్లీ ఎక్కువ డోసుతో మొదలుపెట్టినప్పుడు కనిపించేదే. ఇన్సులిన్ వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి. చాలామందికి కొద్ది వారాల్లో దానంతట అదే తీస్తుంది. అలాగని అదే అయ్యుంటుందని వదిలేయడానికి లేదు. పదమూడేళ్ల షుగర్ కాబట్టి కిడ్నీ సంగతి తేల్చుకోవాలి. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు ఈ వారమే చేయించండి. ఆయాసం వచ్చినా, ముఖం ఉబ్బినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. వాపు చూసి భయపడి ఇన్సులిన్ మాత్రం ఆపకండి.

ఇక అసలు ప్రశ్న. 12.6 నుంచి మూడు నెలల్లో 7కి తేవాలని అనుకోవద్దు. కొండ మీది నుంచి బండి దింపేటప్పుడు ఎవరూ న్యూట్రల్లో వదిలేయరు, చిన్న గేరులో దింపుతారు. షుగరూ అలాగే దిగాలి. రెండేళ్లు వదిలేసి ఇప్పుడు నిదానమంటారేమిటని మీకు అనిపించవచ్చు. కారణం చెప్తాను.

అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 వాళ్ల మీద జరిగిన డీసీసీటీ అనే అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఈరోజుకీ మా వైద్యానికి అదే పునాది. హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంచుకున్నవాళ్లలో, 9 దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే, కొత్తగా రెటీనా, అంటే కంటి వెనక పొర, దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. అందుకే 7 అనే గమ్యం సరైనదే, దాన్ని వదులుకోమనడం లేదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతీ బయటపడింది. అప్పటికే రెటీనాలో మార్పులున్న కొందరికి షుగర్ గట్టిగా దించిన మొదటి ఏడాదిలో కళ్ల పరిస్థితి ఇంకాస్త దిగజారింది. ఏళ్లు గడిచేకొద్దీ లాభమే ఎక్కువైంది గానీ, ఆ మొదటి ఏడాది కంటిని కనిపెట్టుకుని ఉండాలన్నది అప్పుడే తెలిసింది. నరాలదీ ఇదే కథ. హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో 2 పాయింట్ల కంటే ఎక్కువ పడిపోతే కొందరికి పాదాల్లో భగభగ మంటలు, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తాయి. నెలల మీద తగ్గుతుంది కానీ, ఈలోపు 'ఇన్సులిన్ మొదలుపెట్టాకే ఈ మంటలు' అనుకుని మళ్లీ మానేసేవాళ్లున్నారు.

కాబట్టి మీకు అన్నిటికంటే ముందు కంటి పరీక్ష. కంట్లో చుక్కలు వేసి రెటీనా మొత్తం చూసే పరీక్ష కావాలి, కళ్లజోళ్ల దుకాణంలో అక్షరాలు చదివించేది కాదు. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రిలో చేస్తారు, రుయాలో కూడా అడగొచ్చు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు. బైకు మీద కాకుండా బస్సులో, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి. రెటీనా బాగుంటే కొంచెం వేగంగా దించవచ్చు. మార్పులుంటే కంటి డాక్టర్ ముందు లేజరో ఇంజెక్షనో చేసి, ఎప్పటికప్పుడు చూస్తూ ఉంటారు. ఒక అంచనాగా చెప్పాలంటే మొదటి మూడు నెలలకు 10.6, ఆరు నెలలకు 9 లోపు, ఏడాదికల్లా 7 చుట్టుపక్కల అనుకోండి. మొదటి వారాల్లో పరగడుపున 180 నుంచి 200 మధ్య ఉన్నా కంగారు లేదు. భోజనానికి ముందు 80–130 అనే అసలు లక్ష్యం తర్వాత చూసుకుందాం.

నిదానమంటే సూది ఎగ్గొట్టమని కాదు. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవదు. రాత్రి ఇంజెక్షన్ ఒక్కరోజు కూడా తప్పకూడదు, తిండి మానేసిన రోజున కూడా. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, ఆయాసంగా లోతుగా ఊపిరి తీయడం, నోట్లోంచి పండిన పళ్ల వాసన – ఇవి కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, పెరిగిన గుర్తులు. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, ఒక డబ్బా ఇంట్లో ఉంచండి. షుగర్ 250 దాటి, వాంతులవుతూ, కీటోన్లు కనిపిస్తే అది గ్యాస్ ట్రబుల్ కాదు, రాత్రి రెండయినా క్యాజువాలిటీకి వెళ్లాల్సిందే. మీ ఉత్తరంలో లేదు గానీ, మన వైపు ఇలాంటప్పుడు ఎవరో ఒకరు పసరు మందో పొడో తెచ్చి 'ఇది తాగితే ఇన్సులిన్ అక్కర్లేదు' అంటారు. 1922లో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. అప్పుడు పసర్లకేమీ కరువు లేదు.

పాత చీటీ డోసులు ఎందుకు పనికిరావు? అవి మీరు 9 కిలోలు ఎక్కువ బరువున్నప్పటివి. పైగా షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే ఇన్సులిన్ సరిగా పని చేయదు, అదుపులోకి వచ్చేకొద్దీ తక్కువ డోసే సరిపోతుంది. మొదటి వారం చాలని డోసు మూడో వారానికి ఎక్కువైపోయి, తెల్లవారుజామున లో షుగర్ వచ్చే ప్రమాదం ఇక్కడే. ఎప్పుడూ బొడ్డు పక్కన ఒకేచోట పొడుచుకుంటూ ఉంటే అక్కడ చర్మం కింద మెత్తటి గడ్డలు కట్టి ఉంటాయి, వేళ్లతో తడిమి చూడండి. ఆ గడ్డలో వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు. చోటు మార్చాల్సిందే, కానీ మార్చిన రోజే పాత డోసు పూర్తిగా వేస్తే షుగర్ దబ్బున పడిపోవచ్చు. డాక్టర్‌ను అడిగి డోసు తగ్గించి మార్చండి.

సిరంజి మూత రంగు కూడా చూసుకోండి. సీసాలో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసేది 100 యూనిట్లది, ఆ బలానికి తయారైన సిరంజికి నారింజ మూత. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే అనుకున్నదానికి రెండున్నర రెట్లు వెళ్లిపోతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. షాపులో ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు, మీరే అడిగి తీసుకోవాలి. రెండేళ్ల కిందటి సీసా ఏదైనా ఫ్రిజ్ తలుపులో మిగిలి ఉంటే పారేయండి. తెరిచిన సీసా సుమారు నాలుగు వారాలే. మన ఎండలకు బైకు సీటు కింద పెట్టిన ఇన్సులిన్ ఒక్క మధ్యాహ్నంలో పాడైపోవచ్చు. రూములో ఫ్రిజ్ లేకపోతే కొత్త మట్టికుండలో నీళ్లు పోసి, అందులో చిన్న గిన్నె నిలబెట్టి, సీసాను కవరులో చుట్టి గిన్నెలో పెట్టుకోండి. పాతకాలపు పద్ధతే, బాగా పనిచేస్తుంది.

షిఫ్టు ఉద్యోగానికి పొద్దున్నా రాత్రీ రెండుపూటలా వేసుకునే మిక్స్ ఇన్సులిన్ అంతగా కుదరదు, అది మీ తిండి వేళలను శాసిస్తుంది. రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఒకటి, భోజనం ముందు వేసుకునే షార్ట్ యాక్టింగ్ ఒకటి – ఇలా విడివిడిగా ఇవ్వమని అడగండి. మొదటిది గడియారంతో ముడిపడింది. ఏ షిఫ్టైనా రోజూ ఒకే టైముకి, ఫోన్లో అలారం పెట్టుకుని వేసుకోవాలి. రెండోది కంచంతో ముడిపడింది. అర్ధరాత్రి క్యాంటీన్లో తిన్నా తినే ముందు వేసుకోవాలి, తినకపోతే అక్కర్లేదు. 'సంగటి తింటే షుగర్ పెరగదు' అనే మాట మన జిల్లాలో బాగా ఉంది. రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ, సంగట్లో బియ్యం కూడా పడుతుంది. ఊరిబిండితో హాయిగా తినండి, ముద్ద ఎంతుందో చూసి దానికి తగ్గ ఇన్సులిన్ వేసుకుని తినండి.

పెళ్లి సంగతి. టైప్ 1 ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు, అందులో సందేహం లేదు. దాచి చేసుకోవడమే నాకు నచ్చని సంగతి. నీతి మాట పక్కన పెట్టండి, వైద్యం కోసమే చెప్తున్నా. అత్తగారింట్లో బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని సూది వేసుకునేవాడు పండగపూట అందరితో కలిసి కూర్చున్నప్పుడు తప్పకుండా ఎగ్గొడతాడు. రాత్రి లో షుగర్ వస్తే పక్కనున్న మనిషికి ఏం చేయాలో తెలియదు. అమ్మానాన్నలకు నా మాటగా ఇదే చెప్పండి.

నడిచి కొండెక్కడం ఈ పెరటాసికి వద్దు. అలిపిరి నుంచి మూడున్నర వేలకు పైగా మెట్లు, అదీ చెప్పుల్లేకుండా. షుగర్ ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు అంత శ్రమ చేస్తే కీటోన్లు పెరగొచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఎండకు కాలిన రాతి మీద బొబ్బలు లేచినా తెలియదు. ఆ పుండు మానకపోతే ఎక్కడికి దారితీస్తుందో చెప్పనక్కర్లేదు. డాక్టర్ పాదాల్లో స్పర్శ పరీక్షించి సరేనన్నాక, వచ్చే ఏడాది ఎక్కండి. అప్పుడు కూడా ఒక్కపొద్దుతో కాదు, జేబులో గ్లూకోజు పెట్టుకుని, మధ్యమధ్య షుగర్ చూసుకుంటూ. ఎక్కిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు, పడుకునే ముందు చూసుకోవాలి. ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు.

తిడతారేమోనన్న భయం గురించి. రెండేళ్ల తర్వాత వచ్చిన మనిషిని తిట్టే డాక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్లకండి, ఇంకొకరిని చూసుకోండి. పదమూడేళ్లు రోజుకు నాలుగు సూదులంటే ఎవరికైనా విసుగొస్తుంది. మాకు కోపం వచ్చేది వేరే విషయానికి. ఒకే పెన్నుతో, వెయిటింగ్ హాల్లో కూర్చుని నింపిన 110, 120, 115 అంకెల పుస్తకం చూపిస్తారు. పక్కన మీటరు మెమరీ నొక్కితే 340, 412 అని ఉంటుంది. ఆ 412 దాచకండి, డోసు మార్చడానికి మాకు కావాల్సింది అదే.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రినాలజీ విభాగం ఉంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. ఖర్చు ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వాసుపత్రిలో ఉచిత ఇన్సులిన్ గురించి, జన ఔషధి దుకాణాల్లో ధర గురించి అడగండి. వెళ్లేముందు వారం రోజులు, మూడు పూటలా తినేముందూ పడుకునేముందూ షుగర్ చూసుకోండి. మీటరు, వాడుతున్న సీసా, సిరంజి, పాత చీటీ సంచీలో వేసుకెళ్లండి. పైన చెప్పిన పరీక్షలతో పాటు థైరాయిడ్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ కూడా రాయమనండి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుగా రావచ్చు. పరగడుపు రక్తపరీక్ష అనగానే చాలామంది ముందు రోజు రాత్రి నుంచే ఇన్సులిన్ మొత్తం ఆపేసి వస్తారు. మీరలా చేయకండి. లాంగ్ యాక్టింగ్ మామూలుగానే వేసుకోండి. టిఫిన్ ముందుది మాత్రం రక్తం ఇచ్చాక, టిఫిన్ ఎదురుగా పెట్టుకున్నాక వేసుకోండి.

– ఎండోక్రినాలజిస్ట్, తిరుపతి